అడగకుండా రాసిన గడి

"దానికి చెప్పు. సొరుగు తెరవను."

నాన్న ఈ మాట అన్నది అమ్మతో. 'అది' అంటే నేను. ఇద్దరికీ మధ్యన, గుడ్డలు కత్తిరించే బల్లకు ఆనుకుని, రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. అయినా మూడు రోజులుగా ఈ ఇంట్లో నా పేరు 'అది'. నాతో చెప్పాల్సిందేదైనా నాన్న అమ్మకు చెబుతాడు. అమ్మ తిరిగి నా మొహం చూస్తుంది. నేను అక్కడే ఉండి విన్నానని ముగ్గురికీ తెలుసు.

"ఆయనకు చెప్పమ్మా. నాలుగింటికి మీటింగు. ఇప్పుడు మూడుంపావు."

"వారానికి ఒక్క రోజు సెలవు నాకు," అంది అమ్మ. "క్లినిక్కులో పొద్దస్తమానం ఫోన్లెత్తి, కాల్సు కలిపి చస్తుంటే, ఇంట్లోనూ అదే పనా? మీరూ మీరూ మాట్లాడుకోండి."

నాన్న తలెత్తలేదు. నల్ల లైనింగు గుడ్డ పరిచి సుద్దతో గీత గీస్తున్నాడు. మెడలో టేపు వేలాడుతోంది. టేపు కొసకు సొరుగు తాళంచెవి కట్టుకున్నాడు. సొరుగులో నా ల్యాప్‌టాప్, నా ఫోను, గుండీల డబ్బాల పక్కన మూడు రోజులుగా మగ్గుతున్నాయి. అమ్మ ఫోనుతో లాభం లేదు. అది బటన్ల ఫోను. రోజంతా ఫోన్లతో వేగే మనిషికి ఇంట్లో అంతకన్నా మంచి ఫోను అక్కర్లేదంటుంది.

"ఏం మీటింగో అడుగు," అన్నాడు నాన్న గీత ఆపకుండా. "మానేస్తున్నానని చెప్పే మీటింగైతే ఇప్పుడే తెరుస్తా."

"మానను."

సుద్ద ఆగింది. మూల కుర్చీలో కూర్చుని కాజాలు కుడుతున్న నాయనమ్మ సూది కూడా ఆగింది.

"మెల్లిగా చెప్పవే పిడుగా," అంది నాయనమ్మ. "గుమ్మంలో గిరాకీ వచ్చినా పారిపోతుంది."

"గిరాకీ ఎక్కడుందని?" అన్నాడు నాన్న. ఈసారి ఎవరితోనూ కాదు. బల్ల మీది కత్తెర ఎత్తి, దాని కింది కాగితాన్ని వేలితో ముందుకు తోశాడు. "ఇది వచ్చాక ఇటు ఎవడొస్తున్నాడు?"

ఆయన ముందు ఆ కాగితం చూడ్డానికి నాకింకా ధైర్యం చాలదు. మా ఇంటి నంబరు, కింద నాలుగు గడులు. నాయనమ్మ, పచ్చ. నేను, పచ్చ. అమ్మ, పసుపు. నాన్న, ఎరుపు. పచ్చ అంటే మన ఓటు, పసుపు అంటే తేల్చుకోనివాళ్ళు, ఎరుపు అంటే ఎదుటి పక్షం. ఆ రంగులు వేసింది నేనే.

ఆరు వారాల కిందట కౌన్సిల్ ఎన్నికల ప్రచారంలో ఇంటర్న్‌షిప్‌కు చేరాను. అంతా ఇంట్లో కూర్చుని చేసే పనే. వాళ్ళ ఆఫీసు గుమ్మం తూర్పుకుందో పడమరకుందో నాకు నేటికీ తెలీదు. జాబితాలో ఉన్నవాళ్ళకు ఫోన్ చెయ్యాలి, ఇచ్చిన వాక్యాలు చదవాలి, వాళ్ళు చెప్పినదాన్నిబట్టి షీటులో రంగు వెయ్యాలి. మొదటిరోజు శిక్షణలో, ఏవో నాలుగు ఉత్తుత్తి పేర్లు రాసి చెయ్యి అలవాటు చేసుకోమన్నారు. ఉత్తుత్తి పేర్లు ఎంత ఆలోచించినా నాకు తోచలేదు. మా ఇల్లు రాసేశాను. నంబర్లతో సహా. టీవీలో మా అభ్యర్థి లాయరమ్మ మాట్లాడుతుంటే నాన్న "అబ్బబ్బ" అని కట్టేయడం గుర్తొచ్చి ఆయన గడిలో ఎరుపు వేశాను. తర్వాత తీసేద్దాంలే అనుకున్నాను. ఆ 'తర్వాత' రాలేదు. శిక్షణ షీటూ అసలు షీటూ ఒకటేనని అప్పట్లో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మూడు రోజుల కిందట మా పక్షం వార్డు ఇన్‌ఛార్జి ఆ షీటును కాగితాల మీద అచ్చు వేయించుకుని నేరుగా మా షాపుకే వచ్చాడు. సగం కుట్టిన జెండాల కట్ట పట్టుకుపోయాడు. "ఎదుటివాళ్ళ మనిషితో మా జెండాలు కుట్టించుకుంటే నవ్విపోరూ? మీ ఇంట్లోవాళ్ళే రాశారు మాస్టారూ, నాదేం లేదు," అని నవ్వుతూ ఒక పేజీ ఇక్కడ పారేసి వెళ్ళాడు. ఆ సాయంత్రమే ఎదుటి పక్షంవాళ్ళిద్దరు మేకులూ సుత్తీ తీసుకుని ఊడిపడ్డారు, షాపు ముందు వాళ్ళ బోర్డు కొట్టడానికి. "నువ్వు మనవాడివని ఇన్నాళ్ళూ తెలీలేదన్నా!" అని భుజాల మీద చేతులు వేశారు. నాన్న వాళ్ళను బయటికి నడిపించాడు. ఇప్పుడు ఇటువాళ్ళకూ చెడ్డ, అటువాళ్ళకూ చెడ్డ.

"ఇరవై ఎనిమిదేళ్ళు," అన్నాడు నాన్న. "రెండు పక్షాల జెండాలూ ఈ మిషన్ మీదే కుట్టాను. నా ఓటు ఎవరిదో ఒక్కడికి తెలుసా? నీకు తెలుసా?"

"నాకెప్పుడు చెప్పారు గనక," అంది అమ్మ.

"నాకూ చెప్పలేదు. కన్నతల్లిని!" అంది నాయనమ్మ.

"ఇదిగో ఈ కొలతల పుస్తకం." నాన్న అట్ట చిరిగిన పుస్తకాన్ని బల్ల మీద కొట్టాడు. సుద్దపొడి లేచింది. "దీన్లో ఎన్ని వందలమంది ఉన్నారో దాన్ని లెక్కపెట్టుకోమను. ఒకరి నడుం ఎంతో ఇంకొకరితో అన్నానా? ఎదురింటి లెక్చరరుగారి పొట్ట ఏడాదికో అంగుళం చొప్పున పెరుగుతూ వచ్చింది. ఆయన భార్యతో కూడా అనలేదు నేను!"

"ఇప్పుడు అనేశావుగా," అంది నాయనమ్మ.

ఎవరూ నవ్వలేదు. మామూలు రోజైతే ముందు నాన్నే నవ్వేవాడు.

నాకు సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది. సిగ్గేసినకొద్దీ గొంతు లేవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. "తప్పు చేశాను. మూడు రోజులుగా చెబుతూనే ఉన్నాను. నేను మానేస్తే ఆ తప్పు పోతుందా? ఆ కాగితం కింద మూలన ఏముందో ఆయన్ని చూడమనమ్మా."

"ఏముంది?" అంది అమ్మ.

"చూడమను."

నాన్న కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించాడు. అంగుళంలో ఎనిమిదో వంతు తేడా కూడా పట్టేసే మనిషి, ఆ మూల మాత్రం ఇన్నాళ్ళూ చూడలేదు. నేనూ ఈ పొద్దునే చూశాను.

"ముప్ఫై ఏడు," అని చదివాడు.

"పేజీ నంబరది. అంటే దీనికి ముందు ముప్ఫై ఆరు పేజీలున్నాయి. వెనకాల ఎన్నున్నాయో తెలీదు. వాటిల్లో నేను ఫోన్ చేసినవాళ్ళే రెండొందల పన్నెండు మంది. ఇన్‌ఛార్జి అవన్నీ చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. మన ఇంటికొచ్చినట్టే వాళ్ళిళ్ళకూ వెళ్తాడు. ఫోన్లో నేను చదవాల్సిన రెండో వాక్యం ఏంటో తెలుసా? 'మీరు చెప్పింది మా దగ్గరే ఉంటుందండీ.' రెండొందల పన్నెండుసార్లు చదివాను."

బయట ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యడానికి తంటాలు పడుతున్నారు.

"అంతమందికీ మాటిచ్చా..." అని నాన్న నా వైపు సగం తిరిగాడు. తిరిగినవాడల్లా గుర్తొచ్చినట్టు అమ్మ వైపు మళ్ళాడు. "ఇచ్చిందా?"

"ఇచ్చిందట," అంది అమ్మ.

నాన్న టేపు మెడలోంచి తీశాడు. తాళంచెవి ముడి విప్పాడు. నా చేతికివ్వలేదు. బల్ల మీద, కాగితం పక్కన పెట్టాడు.

"అయిదింటికల్లా రెండూ మళ్ళీ సొరుగులో ఉండాలని చెప్పు. పోయి మానేస్తున్నానని చెప్పి రమ్మను."

"మాననని చెప్పానుగా!"

ఆయన పెట్టిన తాళంచెవి వెనక్కి తీసుకోలేదు. మిషన్ ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టాడు. అందులో గుడ్డ లేదు.

*

నాకు మీటింగంటే వెనక గదే. ఇస్త్రీ బల్ల మీద ల్యాప్‌టాప్, వెనకాల బీరువా. బీరువా అద్దంలో నాయనమ్మ కనబడుతుందని ఆవిణ్ణి పక్కకు జరగమన్నాను. జరిగింది గాని కుర్చీతో సహా దగ్గరికే జరిగింది.

తెరమీద నలభైకి పైగా చిన్న చిన్న మొహాలు. అందరూ నాలాంటి విద్యార్థులే. పైన మధ్యలో హెడ్‌సెట్ అక్క. ఆవిడకు వేరే పేరుంది గాని ఆరు వారాలుగా హెడ్‌సెట్ లేకుండా నేను చూడలేదు, ఇంట్లో అందరికీ ఆవిడ హెడ్‌సెట్ అక్కే. చెడ్డ మనిషి కాదు. నా పరీక్షలప్పుడు నా జాబితాలో కాల్సు కూడా తనే చేసింది. అందుకే నాకు ఎక్కువ బాధ.

పక్క గడిలో లాయరమ్మ. మా అభ్యర్థి. మా కాలేజీ పక్క రైలుపట్టాల మీద నడకవంతెన ఆవిడ ఏళ్ళ తరబడి కేసు వేసి పోరాడితే వచ్చింది. రోజూ రెండుసార్లు దాని మీద నడుస్తాను. ఇంటర్న్‌షిప్‌లో చేరింది ఆ వంతెన కోసం. ఎవరేమన్నా ఆ మాట వెనక్కి తీసుకోను.

"ఇప్పుడు ఒక మంచి వార్త!" అంది హెడ్‌సెట్ అక్క. "ఈ ఆరు వారాల్లో అందరికన్నా ఎక్కువ కాల్సు చేసిన మన బంగారానికి మేడమ్ స్వయంగా సంతకం పెట్టిన సిఫారసు లెటరు! ఏదీ, ఒక్క నిమిషం నీ అనుభవం చెప్పు."

ఆ లెటరు నాకు కావాలి. కావాలంటే మామూలుగా కాదు, వచ్చే ఏడు చేరాలనుకున్న కోర్సుకు దరఖాస్తు శనివారం ఆఖరు, ఆ లెటరు లేకపోతే దరఖాస్తే లేదు. నోరు మూసుకుని థాంక్యూ చెబితే చాలు.

షాపు బల్ల మీంచి తెచ్చుకున్న ముప్ఫై ఏడో పేజీ ఎత్తి కెమెరాకు చూపించాను. పేర్లు కనబడకుండా మడిచాను, రంగులు మాత్రమే కనబడేట్టు. అంతవరకు బుద్ధొచ్చింది.

"నా అనుభవం ఇదండీ. ఇది వార్డు ఇన్‌ఛార్జిగారు మా ఇంటికి తెచ్చిన కాగితం. ఈ రంగులు మేం వేసినవి. మీరు చెప్పింది మా దగ్గరే ఉంటుందని మాటిచ్చి, ఫోన్లో అడిగి వేసినవి. ఇప్పుడు వీధుల్లో తిరుగుతున్నాయి."

"బంగారం, ఇది మనం విడిగా మాట్లాడుకుందాం," అంది హెడ్‌సెట్ అక్క.

"విడిగా మాట్లాడాం కదక్కా. మొన్న అమ్మ ఫోన్నుంచి చేశాను. అచ్చయిన కాగితాలు వెనక్కి ఎలా తీసుకుంటామని మీరే అన్నారు."

లాయరమ్మ చదువుతున్న ఫైలు మూసింది. "ఆగండి. ఏ కాగితమమ్మా? అది ఎవరిల్లు?"

"మాదే మేడమ్. మా ఇంటి వరకూ తప్పు నాదే, ఇంకెవరిదీ కాదు. మా నాన్నను అడగకుండా ఆయన గడిలో రంగు వేశాను. కానీ మిగతా ఇళ్ళవాళ్ళు మనల్ని నమ్మి చెప్పారు. వంతెన కోసం మీరు అన్నేళ్ళు నిలబడ్డారని చెప్పి నేనే నమ్మించాను. ఆ కాగితాలు వెనక్కి తెప్పించండి. తెప్పించలేకపోతే వాళ్ళకు ఫోన్ చేసి నిజం చెప్పే పనైనా మాకివ్వండి. నేను ప్రచారం మానను మేడమ్. ఎవరు మానమన్నా మానను. కానీ ఇలా మాత్రం చెయ్యను. రేపు ఇంకో..."

"ఒసే," అంది నాయనమ్మ నా మోచెయ్యి పొడిచి. "వాళ్ళ మొహాల్లో ఉలుకూ పలుకూ లేదేమిటే?"

చూశాను. నా గడిలో మైకు బొమ్మ మీద అడ్డగీత పడి ఉంది. ఎప్పట్నుంచి పడిందో! నొక్కినా మైకు తెరుచుకోవడం లేదు, అవతలి నుంచే ఆపేశారు. అవతల హెడ్‌సెట్ అక్క పెదాలు బిగించుకుని తర్వాతి పేరు పిలుస్తోంది. లాయరమ్మ పక్కకు తిరిగి ఎవరితోనో ఏదో అంటోంది. ఏమంటోందో వినబడదు.

ఒళ్ళు మండిపోయింది. నాన్న మీద ఇన్ని రోజులూ వచ్చిన కోపం దీని ముందు ఎంత! ఆయన మాట్లాడ్డం మానేశాడు, అంతేగాని నా నోరు నొక్కలేదు.

"మాట పోకపోతే రాత లేదూ?" నాయనమ్మ ఒళ్ళో గుడ్డముక్కల మూట విప్పింది. నల్ల లైనింగు ముక్క ఒకటి, నాన్న సుద్దబిళ్ళ ఒకటి నా ముందు పడేసింది.

ఇస్త్రీ బల్ల మీద పరిచి, పెద్దపెద్ద అక్షరాలతో రాశాను. 'మాటిచ్చాం. అచ్చు వేశాం. మీ పేజీలు ఎక్కడున్నాయో అడగండి.' రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాను. అవతలి కొస నాయనమ్మ పట్టుకుంది. ఎనభై ఏళ్ళ చెయ్యి, అయినా దించలేదు.

కింది వరసలో ఒక కళ్ళజోడు కుర్రాడు, ఎన్నడూ మాట్లాడి ఎరగను, ముందుకు వంగి చదివాడు. నోటుపుస్తకంలో ఏదో రాసి కెమెరాకు పెట్టాడు. 'నావి కూడానా?' పక్క గడిలో అమ్మాయి అరచెయ్యి చూపించింది. దానిమీదా పెన్నుతో అదే. మూడో చెయ్యి లేస్తోంది.

తెర నల్లగా అయిపోయింది. సమావేశం నుంచి మిమ్మల్ని తొలగించారు, అని ఒక వరస. నిమిషం తిరక్కుండా హెడ్‌సెట్ అక్క నుంచి మెసేజి. 'లెటరు ఇక రాదు. షీటు నీకు తెరుచుకోదు. నేనేం చెయ్యలేను రా. సారీ.'

ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఆరు వారాలు గొంతు పోయేలా మాట్లాడాను, ఏడవనా మరి! నాయనమ్మ లైనింగు ముక్కతో నా మొహం తుడిచింది. సుద్దంతా బుగ్గలకు అంటుకుంది.

"షీటు పోయింది నాయనమ్మా. ఆ నంబర్లన్నీ అందులోనే ఉన్నాయి. ఎవరికి చెప్పాలో కూడా..."

"ఫోన్ చేసింది దేన్నుంచి?" గుమ్మంలో అమ్మ. ఎంతసేపట్నుంచి నిలబడిందో తెలీదు.

"నా ఫోన్నుంచే."

"మరి చేసిన కాల్సు ఫోన్లో ఉండవూ?"

నోరు తెరుచుకుని అమ్మను చూశాను. రెండు వారాలకోసారి ఫోనంతా శుభ్రం చేసే అలవాటు నాకు లేనందుకు జీవితంలో మొదటిసారి సంతోషించాను. వెనక్కి జరుపుతూ పోయాను. ఆరు వారాలవీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు.

అమ్మ వచ్చి ఇస్త్రీ బల్ల పక్కన కూర్చుంది. "విను. ముందు నువ్వెవరో చెప్పు. వెంటనే తప్పు చెప్పు. ఎందుకు జరిగిందో వాళ్ళడిగితేనే చెప్పు. నాలుగు గంటలు కూర్చున్న పేషెంట్లకు డాక్టరుగారు రారని చెప్పేదాన్ని నేను. కారణాలతో మొదలెడితే తిట్లు రెట్టింపు."

"తిడతారామ్మా?"

"తిట్టరా మరి? తిట్టించుకో. అయిపోయేదాకా ఫోన్ పెట్టకు. అది సరేగాని, నన్ను పసుపెందుకు చేశావే?"

"నువ్వు ఏదీ తేల్చవు కదమ్మా."

"ఇప్పుడు తేల్చాను. మొదలుపెట్టు."

గడియారం చూశాను. నాలుగూ నలభై. మొదటి నంబరు మీద వేలు పెట్టి ఆగిపోయాను. నేను మొట్టమొదట నింపిన గడి వీళ్ళెవరిదీ కాదు. ఆ మనిషికి నేను ఫోనే చెయ్యలేదు. మిగతావాళ్ళనైనా అడిగి రాశాను.

నాన్న నంబరు నొక్కాను.

రెండు గోడల అవతల ఫోను మోగింది. గుడ్డలేని మిషన్ చప్పుడు ఆగింది. ఫోనుమీద నా పేరు కనబడుతుంది ఆయనకు. మోగుతూనే ఉంది. ఎత్తడేమోననుకున్నాను.

"హలో."

"నమస్కారమండీ," అన్నాను. "కౌన్సిల్ ఎన్నికల ప్రచారంలో వాలంటీర్ని మాట్లాడుతున్నాను. మీ విషయంలో ఒక తప్పు చేశాను. మీ ఓటు ఎవరికో మిమ్మల్ని అడగకుండా, నాకు తోచింది మా షీటులో రాశాను. అది బయటికొచ్చింది. మీ పనికి, మీ పేరుకు నష్టం జరిగింది. తప్పు నాదండీ."

అవతల ఊపిరి వినబడుతోంది. అమ్మ చెయ్యి ఎత్తింది, ఆగు, ఇంకేం చెప్పకు అన్నట్టు.

"ఎలా తోచింది మీకు?" అన్నాడు నాన్న.

మూడు రోజుల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట. 'మీకు' అన్నాడు.

"మీరు టీవీ కట్టేశారండీ. ఆవిడ మాట్లాడుతుంటే."

"టీవీ కట్టేసినవాళ్ళంతా ఎదుటి పక్షమేనా? తలనొప్పి ఉండకూడదా మనిషికి?"

"ఉండొచ్చండీ."

"నా గడి ఖాళీగా ఉంచండి. అది నాది."

"అలాగేనండీ. ఆ షీటు నాకిప్పుడు తెరుచుకోదు. కానీ వాళ్ళతో చెరిపించేదాకా ఊరుకోను."

"ఇంకా ఎంతమందికి చెయ్యాలి?"

"రెండొందల పన్నెండు మందికండీ."

"అయిదింటికల్లా అవుతాయా?"

"అవ్వవండీ. అయిదింటికి ఫోన్ సొరుగులో పెట్టెయ్యమని మా నాన్న చెప్పారు."

కాల్ పోయిందేమోనని ఫోన్ చెవి నుంచి తీసి చూసుకున్నాను.

"మీ నాన్నతో నేను మాట్లాడతాలెండి," అన్నాడు.

నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. అమ్మ మొహం తిప్పుకుంది. నాయనమ్మ మాత్రం పైకే, "ఏమంటున్నాడే వాడు?" అని అడిగింది.

జవాబిచ్చేలోపు ఫోన్లోంచి షాపు తలుపు గొళ్ళెం చప్పుడు వినబడింది. తర్వాత ఒక నవ్వు. ఆ నవ్వు నాకు తెలుసు, మూడు రోజుల కిందట జెండాల కట్ట పట్టుకుపోయిన నవ్వు.

"మాస్టారూ, బాగున్నారా? మీ అమ్మాయి మీటింగులో పెద్ద గొడవే చేసిందట. నేను పక్క వీధిలోనే ఉన్నా, ఫోనొచ్చింది." వార్డు ఇన్‌ఛార్జి. కుర్చీ లాగిన చప్పుడు. "చిన్నపిల్ల, తెలీదనుకుందాం. ఆ కాగితాల సంగతి ఇంకెవరితోనూ అనకుండా చూసుకోండి. ఫోనులో నంబర్లుంటాయి, ఆ ఫోను ఇలా ఇప్పించండి, మేం తుడిచేసి ఇస్తాం. జెండాల కట్ట కూడా తెచ్చా. ఇదిగో, బయట బండి మీదే ఉంది. మీరు ఊఁ అంటే లోపల పెడతా."

ఆ కట్ట వెనక్కొస్తే షాపుకు పాత రోజులొస్తాయి. ఎరుపు గడి సంగతి ఇన్‌ఛార్జే మరిచిపోతాడు. నాన్న ఒక్క ఊఁ అంటే చాలు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎవరితోనూ తగవు పెట్టుకోని మనిషి.

"మా అమ్మాయి ఫోనా?" అన్నాడు నాన్న నెమ్మదిగా. "లైన్లోనే ఉంది. మీరే అడగండి."

ఫోను చేతులు మారిన చప్పుడు.

"హలో?" అన్నాడు వార్డు ఇన్‌ఛార్జి. ఆ గొంతులో నవ్వు లేదు. "ఎవరు?"

అమ్మ ఒక వేలు ఎత్తింది. ముందు నువ్వెవరో చెప్పు.

"నమస్కారమండీ. మీ చంకలో ఉన్న పేజీల్లో రంగులు వేసిన వాలంటీర్ని," అన్నాను. "రెండొందల పన్నెండు మందికి ఫోన్ చెయ్యబోతున్నాను. వాళ్ళతో మీ మాటగా ఏమైనా చెప్పమంటే చెప్పండి, వింటాను. కానీ ఒక్క సంగతి ముందే చెబుతున్నా. మీరు చెప్పింది నా దగ్గరే ఉండదు."